యూనిట్లు పెరగకుండానే కరెంటు బిల్లు పెరిగిందా?

గుంటూరులో మీ ఇంట్లో నెలకు 220 యూనిట్లే కాలుతున్నా బిల్లు మాత్రం పెరుగుతోందని అడిగారు. మీటర్ మీద అనుమానం పక్కన పెట్టి, బిల్లులో ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటు) లేదా ట్రూ అప్ (పాత ఖర్చుల తేడా వసూలు) అని ఉన్న లైన్లు చూడండి. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం 220 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 987 రూపాయలే. పైన పడేవి ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, ఈ సర్దుబాట్లు వంటివి.

బొగ్గు ధర పెరిగినా, ఎండాకాలంలో ఎక్స్ఛేంజ్‌లో (కరెంటు కొని అమ్మే మార్కెట్లో) కరెంటు ఎక్కువ రేటుకు కొన్నా, ఆ తేడాను విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం తర్వాత మన దగ్గరే వసూలు చేస్తారు. అందుకే ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇప్పుడు కడుతుంటాం. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, ముఖ్యంగా అద్దె ఇళ్లలో. పాత వాళ్లు వాడుకుంటే కొత్తగా దిగినవాళ్లు కట్టాలి!

ఇంకోటి, 225 యూనిట్లు దాటితే మొత్తం యూనిట్లకూ యూనిట్‌కు 8.75 రూపాయలు పడుతుందని టెన్షన్ పడకండి, దాటిన యూనిట్లకే ఆ రేటు. సొంత డాబా అయితే పైకప్పు మీద సోలార్ పెట్టుకునే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ చూడండి, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.