ఆ ‘సార్’ని వదలకు

ఒరేయ్ నాన్నా,

ఫ్రెంచి దర్శకుడు ట్రుఫో 1968లో తీసిన ‘బేజే వోలే’కి, అదే మన ‘దొంగ ముద్దులు’కి, తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నిద్ర పట్టలేదురా. సగం సంతోషం, సగం టెన్షన్.

రెండు లైన్లు దాటకు. ఫ్రెంచి విని రాయి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చూసి రాయకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. పాతికేళ్ల కిందట మా ఫిల్మ్ క్లబ్ కోసం ఇదే సినిమాకి నేనూ రాశాను. హీరో ఆంత్వాన్, సైన్యం వద్దనుకుని పంపేసిన కుర్రాడు. హోటల్లో నైట్ డ్యూటీ, డిటెక్టివ్ పని, చెప్పుల కొట్టు, ఎక్కడా నిలవడు. ఆ కొట్టు ఓనరు భార్య ఫాబియెన్‌ని చూసి మతి పోగొట్టుకుంటాడు. కాఫీ దగ్గర ఆవిడ సంగీతం ఇష్టమా అని అడుగుతుంది. వీడు కంగారులో ‘వీ, మొస్యూ’ అనేసి పారిపోతాడు. ఆడమనిషిని పట్టుకుని ‘అవును సార్’ అన్నాడన్నమాట!

నేనేం రాశానో తెలుసా? ‘అవునండి.’ మన ‘అండి’కి ఆడా మగా తేడా ఎక్కడుంది? జోకు చచ్చింది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. వాడెందుకు పరుగెత్తాడో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆవిడ చీటీ రాస్తుంది. స్నానాల గది తలుపు తీస్తే లోపల బట్టల్లేకుండా ఒక ఆడమనిషి ఉంటే, ‘క్షమించండి మేడమ్’ అనడం మర్యాద, ‘క్షమించండి సార్’ అనడం లౌక్యం అని. ముందు ‘సార్’ లేకపోతే ఆ చీటీ ఎవరికి ఎక్కుతుంది?

భాష రాక చేసింది కాదురా. మొదట ‘సార్’ అనే రాసి, కొట్టేశాను. హీరో అంత బేలగా కనపడితే ఏం బాగుంటుందనిపించింది. ఆ వయసులో నేనూ ఒకావిడ ముందు నోరు పెగలక, మూడు నెలలు ఆ వీధి మొహం చూడలేదు. వాడి పేరు చెప్పి నా పరువు దాచుకున్నాను.

చివర్లో ఆంత్వాన్ సీసా ఓపెనర్‌ని ఉంగరంలా తన ప్రియురాలు క్రిస్టీన్ వేలికి తొడుగుతాడు. అక్కడ మాటల్లేవు, చీటీలు రాసుకుంటారంతే. కవిత్వం పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది నీకు. మీ అక్క శుభలేఖ రాసినప్పుడే చూశాలే.

రాత్రిళ్లు మేలుకుని రాయకు, కళ్లు పాడవుతాయి. ఎనిమిదో క్లాసులో టీచర్ని ‘అమ్మా’ అని పిలిచి రెండు రోజులు బడికెళ్లనని మంచం కింద దాక్కున్నావు, గుర్తుందా? ఆ కాఫీ సీన్ రాసే ముందు ఒకసారి తలుచుకో. రాశాక నాకు పంపు. మిగతాదంతా నీ ఇష్టం, ‘సార్’ ఉందో లేదో చూసి ఇచ్చేస్తాను.

నీ బాబాయి