తెర మీద ఒక ఎరుపు, ఆల్బమ్‌లో ఇంకో ఎరుపు

ప్రశ్న: సార్, పెళ్లి ఆల్బమ్‌లు ల్యాప్‌టాప్‌లోనే డిజైన్ చేస్తుంటాను. తెర మీద అంతా బాగుంటుంది. ల్యాబ్ నుంచి షీట్లు వచ్చేసరికి ముఖాలు నల్లబడి ఉంటాయి, ఎర్ర పట్టుచీర ముద్దలా కనిపిస్తుంది. ల్యాబ్ వాళ్లేమో తమ మిషన్‌లో లోపం లేదంటున్నారు. పన్నెండు వేల లోపు ఏ మానిటర్ తీసుకోమంటారు?
– ఒక స్టూడియో నిర్వాహకుడు, కడప

జవాబు: మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి మానిటర్ కొన్నా పోదు, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ముఖాలు నల్లబడేది తెర వెలుగు ఎక్కువై. మామూలు మానిటర్‌లో వెలుగు పూర్తిగా పెడితే 250 నిట్ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దాకా వెళ్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి పంపుతుంది. అంత వెలిగే తెర మీద పెళ్లికూతురి ముఖం చక్కగా ఉందనిపించిన చోట మీరు ఆపేస్తారు, ఫైల్‌లో మాత్రం ఆ ముఖం చీకటిగానే ఉంటుంది. ప్రింట్ పనికి 100 నుంచి 120 నిట్లు చాలు.

కొలిచే పరికరం లేకపోతే ఇలా చేయండి. గదిలో ట్యూబ్‌లైట్ వేసి, కిటికీ వెలుతురు తెర మీద పడకుండా కర్టెన్ లాగండి. ఫోటోషాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, తెర పక్కనే ఒక తెల్ల ఏ4 కాగితం పట్టుకోండి. తెర లైటులా వెలుగుతూ కాగితం మాసినట్టు కనిపిస్తే వెలుగు ఎక్కువన్నమాట. రెండు తెలుపులూ దగ్గరగా వచ్చేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. చాలా మానిటర్లలో అది 20కీ 35కీ మధ్య ఆగుతుంది. మొదటి రెండు రోజులు చీకటిగా ఉన్నట్టుంటుంది, తర్వాత కంటికి అలవాటవుతుంది.

ఇక ఎరుపు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధికి పాత టీవీ కొలమానం) తెర వేస్తారు. అంటే ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫోటో ఫైళ్లు వాడే రంగుల పరిధి) రంగుల్లో దాదాపు మూడోవంతు ఆ తెర చూపించలేదు. అందులో కుంకుమ ఎరుపు ఇటుక రంగులా కనబడుతుంది. పాలిపోయిందనుకుని మీరు సాచురేషన్ (రంగు గాఢత) పెంచుతారు. రెడ్ ఛానల్ (ఫైల్‌లో ఎరుపు కొలత) గరిష్ఠమైన 255కి తగులుకుని, మడతల నీడా, బుటాల అంచులూ అక్కడే చెరిగిపోతాయి. ఫోటోషాప్‌లో ఇన్ఫో ప్యానెల్ (కర్సర్ కింది రంగు అంకెలు చూపేది) తెరిచి కర్సర్‌ను చీర మడత గట్టు మీద ఒకసారి, లోపలి నీడలో ఒకసారి పెట్టి చూడండి. రెండు చోట్లా రెడ్ 255 చూపిస్తే ఆ మడత ప్రింట్‌లో రాదు. గట్టు మీద 240 దగ్గర, నీడలో అంతకంటే బాగా తక్కువగా ఉండేట్టు వెనక్కి తగ్గండి.

దీనికి మాత్రం మానిటర్ కావాలి. 24 అంగుళాలు, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), ఫుల్ హెచ్‌డీ, ఎస్‌ఆర్‌జీబీ 99 శాతం అని కంపెనీ స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా రాసినది చూడండి. అట్టపెట్టె మీది "16.7 మిలియన్ రంగులు" చూసి మోసపోకండి. అది దాదాపు ప్రతి మానిటర్ మీదా ఉంటుంది, రంగుల పరిధి గురించి ఏమీ చెప్పదు. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే ఎస్‌ఆర్‌జీబీకి ఇంచుమించు సమానమే, పర్వాలేదు. డెల్టా ఈ (అసలు రంగుకూ తెర చూపేదానికీ తేడా) 2 కంటే తక్కువ అన్న ఫ్యాక్టరీ రిపోర్టు పెట్టెలో వస్తే మరీ మంచిది. ఎస్‌ఆర్‌జీబీ కంటే విశాలమైన అడోబ్ ఆర్‌జీబీ కోసం డబ్బు పోయకండి, మీ ల్యాబ్ ఎస్‌ఆర్‌జీబీ ఫైల్ అడుగుతుంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు. 4కే, వంపు తెర, 144 హెర్ట్జ్ కూడా మీ పనికి అక్కర్లేదు.

తెచ్చాక కలర్ టెంపరేచర్ 6500, గామా (మధ్యస్థ వెలుగుల తీరు) 2.2 పెట్టండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఐ కేర్, విండోస్‌లో నైట్ లైట్ ఆపేయండి. హెచ్‌డీఎంఐతో కలిపితే గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో అవుట్‌పుట్ ఫుల్ రేంజ్‌లో (నలుపు నుంచి తెలుపు దాకా 0-255 మొత్తం) ఉందో లేదో తప్పకుండా చూడండి. లిమిటెడ్‌లో ఉంటే నలుపు బూడిదలా కనబడుతుంది, మీరు కాంట్రాస్ట్ పెంచుతారు, ప్రింట్‌లో జుట్టూ కాటుకా కలిసిపోతాయి. 12x36 షీట్లన్నీ ఒకేసారి పంపకుండా ముందు ఒక 8x12 ప్రింట్ వేయించండి. ముఖం, ఎర్ర చీర, తెల్ల పంచె మూడూ అందులో ఉండాలి. ఆ ప్రింట్‌ను తెర పక్కనే ఉంచుకుని బ్రైట్‌నెస్ చివరిసారి సరిచేసుకోండి.

ప్రశ్న: పెన్ ట్యాబ్లెట్‌తో బొమ్మలు వేస్తాను. 27 అంగుళాల వంపు తెర, ఫుల్ హెచ్‌డీ, ఆఫర్‌లో వస్తోంది. తీసుకోవచ్చా?
– ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: వద్దమ్మా. 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ అంటే అంగుళానికి 82 పిక్సెళ్లే. సన్నగీత మెట్లుమెట్లుగా కనబడుతుంది. అదే 24 అంగుళాల్లో 92, 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560x1440)లో 109. వంపు తెర మీద స్కేలు పెట్టి గీసినట్టున్న గీత కూడా వంగినట్టనిపిస్తుంది. పైగా తక్కువ ధర వంపు తెరలు ఎక్కువగా వీఏ ప్యానెళ్లు (ఐపీఎస్ కాని మరో రకం), తల కాస్త జరిపితే చర్మం రంగు నీడలు మారిపోతాయి. అదే డబ్బుకు 24 అంగుళాల ఐపీఎస్ తీసుకో.

ఇంకో మాట. చాలా ట్యాబ్లెట్ల పలక 16:10 నిష్పత్తిలో, మామూలు మానిటర్ 16:9లో ఉంటుంది. పలక మొత్తాన్నీ తెర మొత్తానికి కలిపితే చేత్తో గుండ్రంగా గీసిన సున్నా తెర మీద పక్కకి సాగుతుంది. డ్రైవర్‌లో ఫోర్స్ ప్రొపోర్షన్స్ టిక్ పెడితే సరిపోతుంది, పలక కింద సన్నని పట్టీ మాత్రం వాడకంలో ఉండదు. 16:10 తెరే కావాలంటే అసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ లాంటి 1920x1200 మానిటర్లు ఉన్నాయి, మామూలువాటి కంటే ధర ఎక్కువ.

ప్రశ్న: ఆఫీసులో తీసేసిన పాత ఐపీఎస్ మానిటర్ చవగ్గా వస్తోంది. ఫోటోలకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీయా, సీసీఎఫ్‌ఎల్‌యా అడగండి. సీసీఎఫ్‌ఎల్ అంటే లోపల సన్నని ట్యూబ్‌లైట్లు, వాడేకొద్దీ మసకబారి పసుపెక్కుతాయి. అది వద్దు. ఎల్‌ఈడీ అయితే అరగంట ఆన్‌లో ఉంచాకే చూడండి, అప్పటికిగాని రంగు నిలకడకు రాదు. తెర నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు ఒక్కొక్కటే పెట్టండి. చచ్చిన పిక్సెల్ రంగుల్లో పట్టుబడుతుంది. తెలుపులో ఒక మూల పసుపుగా ఉంటే తీసుకోకండి. నలుపును లైట్లు ఆర్పి చూడాలి. పక్క నుంచి చూసినప్పుడు మూలల్లో కనిపించే పలచని మెరుపు ఐపీఎస్ స్వభావం, ఎదురుగా కూర్చున్నా అంచుల్లోంచి తెల్లగా వెలుగు కారుతుంటే మాత్రం అది ప్యానెల్ లోపం.