5కు 3 కలిపితే 53 వస్తోంది, నేను వెబ్ డెవలపర్‌ని కాగలనా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకుని జావాస్క్రిప్ట్ మొదలుపెట్టాను. ఫారంలో ఇచ్చిన 5, 3 కూడితే 8కి బదులు 53 వస్తోంది. పేరును, మార్కులను కలిపి వాక్యంగా చూపబోతే పదాలు అతుక్కుపోతున్నాయి. ఇంత చిన్న విషయంలోనే తడబడుతున్న నేను ఈ రంగంలో నిలదొక్కుకోగలనా, లేక వేరే కోర్సు చూసుకోవాలా?

జవాబు: ఈ ఒక్క కారణంతో కోర్సు మార్చుకోనక్కర్లేదు. మీకు ఎదురైన చిక్కు మీ తెలివికి సంబంధించినది కాదు, జావాస్క్రిప్ట్ స్వభావానికి సంబంధించినది. ఈ భాషలో సంఖ్యలను కూడటానికీ, స్ట్రింగులను, అంటే కొటేషన్ల మధ్య రాసే అక్షరాల వరుసలను, కలపడానికీ ప్లస్ గుర్తు ఒక్కటే. రెండువైపులా సంఖ్యలుంటే అది కూడుతుంది. ఏదో ఒకవైపు స్ట్రింగ్ ఉంటే రెండో దాన్ని కూడా స్ట్రింగ్‌గా మార్చి పక్కన చేరుస్తుంది. ఇన్‌పుట్ పెట్టెలో అంకెలే నొక్కినా దాని వాల్యూ మీ ప్రోగ్రాముకు స్ట్రింగ్‌గానే అందుతుంది కాబట్టి "5" + "3" అన్నది "53" అయింది. నంబర్ ఫంక్షన్‌తో రెండింటినీ ముందే సంఖ్యలుగా మార్చుకుంటే 8 వస్తుంది. మైనస్ గుర్తుకు కలిపే పని లేదు గనుక "5" - 3 మాత్రం 2 అవుతుంది. 1 + 2 + "3" ఫలితం "33" అనీ, "1" + 2 + 3 ఫలితం "123" అనీ ఎందుకు వస్తుందో ఎడమ నుంచి కుడికి ఒక్కో మెట్టూ కాగితం మీద రాసుకుని చూడండి. కొత్తవారి ఇంటర్వ్యూల్లో ఇలాంటివి అడుగుతుంటారు; ఫలితాన్ని బట్టీపట్టినవారు అంకెల వరుస మార్చగానే దొరికిపోతారు.

స్ట్రింగులను కలిపే పనికి పీహెచ్‌పీ అనే మరో భాషలో చుక్క గుర్తు వాడతారు. పైథాన్‌లో అయితే స్ట్రింగ్‌కు సంఖ్యను కలపబోతే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. నేర్చుకునేవారికి ఆ మొండితనమే మేలని నా అభిప్రాయం.

పదాలు అతుక్కుపోవడం చిన్న సంగతి. ఖాళీ కూడా ఒక అక్షరమే, దాన్ని కొటేషన్ల లోపల మీరే రాయాలి. 2015లో జావాస్క్రిప్ట్‌కు వచ్చిన టెంప్లేట్ లిటరల్స్ అలవాటు చేసుకుంటే, బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య వాక్యం మొత్తం రాసి, విలువ రావలసిన చోట డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్లు పెట్టి వాటి లోపల ఆ విలువ పేరు రాస్తే సరిపోతుంది.

మీరు ఎక్కువ సమయం కేటాయించవలసింది దీని తరువాతి మెట్టుకు. వినియోగదారుడు టైప్ చేసినదాన్ని హెచ్‌టీఎంఎల్ ముక్కతో కలిపి, పేజీలోని ఒక భాగంలో హెచ్‌టీఎంఎల్‌ను నింపే ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌కు ఇస్తే, అతడు పేరుకు బదులు ట్యాగ్ రాసినప్పుడు బ్రౌజర్ దాన్ని పేజీలో భాగంగానే తీసుకుంటుంది, అందులో దాచిన కోడ్ నడిచే ప్రమాదం కూడా ఉంది. అదే భాగంలో అక్షరాలను మాత్రమే నింపే టెక్స్ట్ కంటెంట్‌కు ఇస్తే అది వట్టి అక్షరాలుగానే కనిపిస్తుంది. డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని కూడా స్ట్రింగులు అతికించి తయారుచేస్తే, లాగిన్ పెట్టెలో రాసిన ఒక కొటేషన్ గుర్తు ఆ వాక్యం అర్థాన్నే మార్చేయగలదు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనేది ఇదే. అక్కడ వాక్యాన్నీ, అందులో పెట్టే విలువలనూ వేర్వేరుగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు వాడాలి. ఏఐ సాధనాలు కోడ్ రాసిపెడుతున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు గానీ, అవి ఇచ్చిన కోడ్‌లో ఇలాంటి అతుకు ఎక్కడుందో పట్టుకోవలసింది మీరే, ఉద్యోగంలో జవాబు చెప్పవలసిందీ మీరే.

కాబట్టి వచ్చే కొన్ని వారాలు కొత్త ఫ్రేమ్‌వర్క్ జోలికి పోకుండా, పేరు, మార్కులు తీసుకుని మొత్తం లెక్కగట్టి ఫలితాన్ని ఒక వాక్యంలో చూపే పేజీని పూర్తిచేయండి. పెట్టె ఖాళీగా వదిలినప్పుడు, అంకె బదులు అక్షరాలు ఇచ్చినప్పుడు, పేరులో ట్యాగ్ రాసినప్పుడు అది ఏం చేస్తోందో పరీక్షించి, ఆ వివరం ప్రాజెక్టుతో పాటు రాసిపెట్టుకోండి. తప్పు ఎందుకు వచ్చిందో వెతకడమే మీకు విసుగనిపిస్తే, అప్పుడు కోర్సు మార్పు గురించి మాట్లాడుకోవచ్చు.