సుధకు, కార్బన్ ప్లాంటులో చేరే ముందు

అమ్మా సుధా,

ఒడిశాలో అల్యూమినియం తీసే స్మెల్టర్‌లో నీకు కార్బన్ ప్లాంటు ఇచ్చారని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పాట్లు, అంటే అల్యూమినియం తయారయ్యే తొట్లు, ఉండే పాట్‌రూమ్ రాలేదని ముఖం ముడుచుకున్నావట. నాకు మాత్రం సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది.

మాస్క్, బూట్లు, కళ్లద్దాలు ఎప్పుడూ తియ్యకు. నీళ్లు తాగుతూ ఉండు.

యానోడ్ అంటే పాట్‌లోకి కరెంటు పంపే కార్బన్ దిమ్మ. వాడేసిన యానోడ్ల పని చిన్నదనుకోకు. నాలుగు వారాలు పాట్‌లో కాలాక యానోడ్‌లో దాదాపు పావు వంతు మిగులుతుంది. అదే బట్. పాట్‌లో కరిగి ఉండే లవణాన్ని బాత్ అంటాం. బట్‌కు అంటుకుని గడ్డకట్టిన బాత్‌ను ఊడగొట్టి, బట్‌ను పిండి చేసి, పెట్రోలియం కోక్, తారు పిచ్ కలిపితే మళ్లీ యానోడ్ అవుతుంది. ఊడిన బాత్ కూడా పాట్‌కే వెళ్తుంది. టన్ను అల్యూమినియానికి 400 కిలోలకు పైగా కార్బన్ కావాలమ్మా, ఒక్క ముక్క పారేయలేం.

ఇక నేను చేసిన తప్పు విను. అది ఉద్యోగంలో మూడో ఏడు, ఏప్రిల్ నెల. బట్స్ మీది బాత్‌ను ఊడగొట్టే షాట్ బ్లాస్టింగ్ మెషిన్ చెడిపోయింది. బట్స్ పంపమని అవతలి నుంచి ఫోన్ మీద ఫోన్. బాత్ సగం అంటుకున్నవీ, మెత్తబడినవీ, గట్టివీ అన్నీ కలిపి క్రషర్‌లో వెయ్యమన్నాను. "సార్, మెత్తవి పక్కన పెడదాం" అని ఒక పాత ఆపరేటర్ రెండుసార్లు అన్నాడు. నాకు ఇరవై ఆరేళ్లు. వినలేదు.

ఆ రోజు ఏమీ కాలేదు. ఆ వారమూ కాలేదు. ఆ పిండి యానోడై, బేకింగ్ దాటి పాట్‌రూమ్ చేరేసరికి నెల దాటింది. అంటుకున్న బాత్‌తో, మెత్తవాటితో సోడియం కూడా వెళ్లింది. సోడియం ఎక్కువైతే కార్బన్ గాలికి ఊరికే కాలిపోతుంది. యానోడ్లు సమంగా అరగకుండా పొడిపొడిగా రాలాయి. 960 డిగ్రీల బాత్ మీద నల్లటి పొడి తేలింది, పాట్లు ఇంకా వేడెక్కాయి. జూన్ ఎండల్లో పొడవాటి గరిటెలతో మనుషులు ఆ పొడి తోడారు. వాళ్లలో ఆ ఆపరేటర్ తమ్ముడూ ఉన్నాడు.

ఆపరేటర్ నన్ను ఒక్క మాట అనలేదు. క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని, తన పెరుగు సగం నా పళ్లెంలో వేశాడు. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు.

నువ్వూ ఎవరి మాటా వినవు, చిన్నప్పటి నుంచీ అంతే. నా హెల్మెట్ కళ్ల దాకా దిగిపోతున్నా తియ్యనని ఏడ్చి, అది పెట్టుకునే నిద్రపోయావు. మెల్లగా తీస్తే నుదుటి మీద పట్టీ గుర్తు పడి ఉంది. ఇప్పుడు నీ సొంత హెల్మెట్ వస్తోంది.

మెత్తవాటికి వేరే కుప్ప పెట్టించు. ల్యాబ్ నుంచి సోడియం రిపోర్ట్ రానిదే క్రషర్ తిప్పించకు, ఎంత పెద్ద ఆఫీసరు ఫోన్ చేసినా సరే. పాత ఆపరేటర్ ఏదైనా రెండోసారి చెప్తే మెషిన్ ఆపి విను.

మొదటి షిఫ్ట్ అవ్వగానే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య