హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు పడుతుంది?

మీ అమ్మానాన్నలు మొదటిసారి వెళ్తున్నారన్నారు కాబట్టి లెక్కతో పాటు మా అనుభవం కూడా చెబుతాను. అమ్మాయి పురిటికని 2023 జూన్‌లో నేనూ మా వారూ వెళ్లాం.

గ్లోబు మీద దారం లాగి కొలిస్తే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారం పడమటికి పోదు, నేరుగా ఉత్తరానికి ఎక్కి ధ్రువం పక్కనుంచి అవతలికి దిగుతుంది. సోషల్ టీచరుగా పిల్లలకు ఎన్నోసార్లు చూపించిన విషయమే. అయినా సీటు ముందు తెరమీద మా విమానం గ్రీన్‌లాండ్ వైపు పోతుంటే, పక్కసీటు పెద్దాయన ‘దారి తప్పాడా ఏమిటమ్మా’ అని అడిగితే, నాకూ క్షణం గుండె ఝల్లుమంది.

మేము దుబాయ్‌లో విమానం మారాం. అక్కడికి సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడ మూడున్నర గంటలు ఆగి, మరో 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు. తిరుగు ప్రయాణంలో ఈ రెండో విమానానికి గంటకు పైగా తగ్గింది. పైన గాలి పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది, వచ్చేటప్పుడు అది వెనకనుంచి తోస్తుంది.

టికెట్టు చూసి మోసపోకండి. తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి అదే రోజు సాయంత్రం 5 గంటలకు దిగుతారని ఉంటుంది. మా వారు ‘పదమూడు గంటలేగా’ అని బంధువులందరికీ ఫోను చేసి చెప్పేశారు. వేసవిలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అది కలిపితే అసలు లెక్క ఇరవై మూడున్నర గంటలు.

అదీ విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికే. హనుమకొండలో రాత్రి 8 గంటలకు కారెక్కిన మేము, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, ఆవకాయ డబ్బాల పెట్టెలు తీసుకుని, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో ఊళ్లో అమ్మాయి గుమ్మం తొక్కేసరికి మొత్తం 34 గంటలైంది. మోకాళ్ల నొప్పులుంటే టికెట్టు కొన్నప్పుడే వీల్‌చెయిర్ అడగండి. నేను నామోషీ పడి అడగలేదు. దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడిచి చెప్పులు చేత పట్టుకున్నాను.

మా వారు చేతి గడియారాన్ని అక్కడున్న ఆరు నెలలూ మన టైములోనే ఉంచారు. ఎవరడిగినా పదిన్నర తీసేసి ఠకీమని చెప్పేవారు. నవంబరులో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు, తేడా పదకొండున్నర అయింది. ఆ విషయం ఆయనకు చెప్పడం అందరమూ మరిచాం. మర్నాడు ఆయన గుడికి గంట ముందే వెళ్లి, మూసిన తలుపుల ముందు కూర్చున్నారు.