ప్యానెల్ షాపా, సబ్‌స్టేషన్ కాంట్రాక్టరా? డిప్లొమా ట్రిపుల్‌ఈ చేసిన తమ్ముడి గురించి

మీరు అడిగింది ఇది కదండీ: తమ్ముడు డిప్లొమా ట్రిపుల్‌ఈ పూర్తి చేశాడు. బాలానగర్‌లో ప్యానెల్ బోర్డులు (బ్రేకర్లు, స్విచ్‌లు బిగించి ఉండే కరెంటు పెట్టెలు) తయారుచేసే చోట ఒక ఉద్యోగం, 33/11 కేవీ సబ్‌స్టేషన్ (33 వేల వోల్టులను 11 వేలకు దించే చోటు) పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర ఇంకోటి వచ్చాయి. రెండోదానిలో నెలకు రెండు వేలు ఎక్కువ. ఎటు పంపాలి, అసలు ఈ లైన్‌లో ఎదుగుదల ఉందా అని.

ప్యానెల్ షాపుకే పంపండి. అదీ రెండేళ్లే.

నేను 2007లో అలాంటి షాపులోనే చేరాను. మొదటి మూడు నెలలూ వైర్లకు ఫెర్రూళ్లు (నంబరు తొడుగులు) తొడగడం, వైరు చివర లగ్గులు (బిగించే లోహపు ముక్కలు) నొక్కి క్రింప్ చేయడమే పని. ఊళ్లో మా నాన్న "మావాడు ఇంజనీరు" అని చెప్పుకుంటుంటే నాకు సిగ్గేసేది. కానీ బల్ల మీద ఎప్పుడూ డ్రాయింగ్ పరిచి ఉండేది. ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోంది, ఈ ఇంటర్‌లాక్ (రెండు స్విచ్‌లు ఒకేసారి పడకుండా ఆపే ఏర్పాటు) తీసేస్తే ఏమవుతుంది, ఇవన్నీ కరెంటు లేని ప్యానెల్ మీద, తప్పు చేస్తే తిట్లతో పోయే చోట నేర్చుకున్నాను. నేరుగా సైట్లకు వెళ్లిన నా క్లాస్‌మేట్లకు నాకన్నా ధైర్యం ఎక్కువ. కానీ బ్రేకరు ట్రిప్ అయితే డ్రాయింగ్ తెరిచేవాళ్లు కాదు, రీసెట్ కొట్టి మళ్లీ వేసి చూసేవాళ్లు. వాళ్లలో చాలామంది ఇప్పటికీ అదే పనిలో ఉన్నారు.

రెండేళ్లు దాటాక షాపులో కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. అప్పుడు టెస్టింగ్, కమిషనింగ్ (పరికరాలను పరీక్షించి, మొదటిసారి కరెంటిచ్చి నడిపించడం) వైపు మారాలి. 11 కేవీ వీసీబీకి (వాక్యూమ్ బ్రేకరుకు) కాంటాక్ట్ రెసిస్టెన్స్ చూడటం, కేబుల్ ఇన్సులేషన్ బాగుందో లేదో మెగ్గర్ పెట్టి చూడటం, తేడా వస్తే బ్రేకరును ట్రిప్ చేయించే రిలేకు సెకండరీ ఇంజెక్షన్ చేసి (బయటి నుంచి కొలిచిన కరెంటిచ్చి) సెట్టింగ్ ప్రకారం ట్రిప్ అవుతోందో లేదో తేల్చడం. ఇవి చేతికి వచ్చినవాడు ఖాళీగా కూర్చోవడం నేనైతే చూడలేదు.

ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతాను. 1000 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎల్‌టీ వైపు (తక్కువ వోల్టేజీ, అంటే 433 వైపు) ఫుల్ లోడ్ కరెంటు ఎంత? 1333 ఆంప్స్ అని చాలామంది చెప్పేస్తారు. ఇంపెడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) 5 శాతం అయితే ఎల్‌టీ టెర్మినళ్ల దగ్గరే షార్ట్ అయినప్పుడు ఎంత పారుతుంది అంటే మాత్రం ముఖం వాడిపోతుంది. 1333ని 0.05తో భాగిస్తే చాలు, దాదాపు 26.7 కిలో ఆంప్స్. ఆ చోట 16 కిలో ఆంప్స్ దాకానే తట్టుకునే బ్రేకరు పెడితే ఏమవుతుందో తన మాటల్లో చెప్పగలిగిన కుర్రాడికి మార్కులు తక్కువున్నా తీసుకుంటాను.

ఇక 'మీడియం వోల్టేజ్' అనే మాటతో జాగ్రత్త. మన 1956 నాటి ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 250 వోల్టుల దాకా లో, 650 దాకా మీడియం, 33 కేవీ దాకా హై అని ఉండేది. డిస్కం వాళ్లు తక్కువ వోల్టేజీని ఎల్‌టీ, ఎక్కువదాన్ని హెచ్‌టీ అంటారు. విదేశీ కంపెనీల భాషలో వెయ్యి వోల్టులు దాటాకే ఎంవీ (మీడియం వోల్టేజ్) మొదలవుతుంది, 11 కేవీ, 33 కేవీ అందులోకే వస్తాయి. గల్ఫ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో "ఎంవీ చేశావా" అంటే నేను మామూలు 415 వోల్టులు అనుకుని "రోజూ అదే కదా సార్" అన్నాను. తర్వాతి పది నిమిషాలూ ఆయన వీసీబీల గురించి అడుగుతుంటే నాకు చెమటలు.

సబ్‌స్టేషన్ పని వద్దని కాదు, మొదటి ఉద్యోగంగానే వద్దంటున్నాను. ఎందుకో చెప్తాను. టెస్టింగ్‌కు మారిన మొదటి ఏడాది, ఒక ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్ పని కోసం ఆదివారం షట్‌డౌన్ (కరెంటు ఆపేయడం). ఎల్‌సీ (లైన్ ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకున్నాం, లైన్ మీది ఏబీ స్విచ్ తెరిచాం, హెచ్‌టీ ఫ్యూజులు తీసేశాం. ఎల్‌టీ మెయిన్ బ్రేకరు కూడా ఆఫ్ చేశాం, కానీ తాళం వేయలేదు. మా సీనియర్ డిశ్చార్జ్ రాడ్ (మిగిలిన కరెంటును నేలలోకి పంపే కర్ర) తగిలించి, హెచ్‌టీ మూడు ఫేజులనూ కలిపి ఎర్త్ చేశాడు. కరెంటే లేనప్పుడు ఇదంతా దండగ అని లోపల విసుక్కున్నాను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నీళ్లు అయిపోయాయని అక్కడి ఆపరేటర్ డీజీ (డీజిల్ జనరేటర్) వేశాడు. సప్లై రాలేదని మెయిన్ బ్రేకరు కూడా వేశాడు. రెండూ ఒకేసారి పడకుండా ఆపే ఇంటర్‌లాక్‌ను ఎవరో ఎప్పుడో బైపాస్ చేశారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు అటూ ఇటూ తేడా తెలీదు. కింద నుంచి 433 ఇస్తే పైన 11 వేలు వస్తాయి. నేను ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మీద, హెచ్‌టీ వైర్లు తగిలించే బుషింగ్‌కు జానెడు దూరంలో ఉన్నాను. పైన ఫేజులు కలిపి ఎర్త్ చేసి ఉండటంతో డీజీకి అది షార్టే, దాని గదిలో ధడేల్‌మని బ్రేకరు ట్రిప్ అయింది. ఆ ఎర్తింగే లేకపోతే ఈ జవాబు రాసేవాడిని కాదు. సీనియర్ నన్ను ఒక్క మాట అనలేదు. జేబులోంచి తాళం తీసి ఇచ్చి, వెళ్లి వేసి రమ్మన్నాడు.

ఎల్‌సీ అంటే ఏమిటో, ఇంటర్‌లాక్ ఎక్కడుంటుందో తెలియని కుర్రాడు రెండు వేల కోసం మొదటి రోజే అలాంటి చోట నిలబడకూడదనే నా బాధ.

ఎదుగుదల సంగతికొస్తే, ఉంది. హైదరాబాద్ చుట్టూ ఫార్మా యూనిట్లు ఉన్నాయి, డేటా సెంటర్లు వస్తున్నాయి, విశాఖలో గూగుల్ పెద్ద డేటా సెంటర్ పెడుతున్నట్టు 2025లో ప్రకటించింది. వాటికి కోడింగ్ చేసేవాళ్లు ఎక్కడున్నా సరిపోతుంది, బ్రేకర్లు చూసేవాడు మాత్రం అక్కడే ఉండాలి. డిస్కం సబ్ ఇంజనీర్ నోటిఫికేషన్ వస్తే రాయనివ్వండి. ఒక్కటి ముందే చెప్తున్నాను, ఫ్యాక్టరీలు షట్‌డౌన్ ఇచ్చేది ఎక్కువగా సెలవులకు, పండగలకే. ఇన్నేళ్లలో నేను ఇంట్లో చేసుకున్న సంక్రాంతులు మూడు. (దసరాకు ప్యానెళ్లకు బొట్టు పెట్టి, పసుపు నీళ్లు లోపలికి చల్లేవాళ్లతో వేరే పోరాటం.)

చేరేముందు షాపు వాళ్లను రెండు విషయాలు అడగమనండి. డ్రాయింగులు అక్కడే గీస్తారా? ప్యానెల్ బయటికి పంపేముందు టెస్టింగ్ వాళ్లే చేస్తారా? రెండూ లేకపోతే అది వట్టి రేకు డబ్బాల షాపు, ఇంకోటి వెతకండి. మానేసే రోజు అనుభవ పత్రం తప్పకుండా తీసుకోమనండి. నేను తీసుకోలేదు. తర్వాత సూపర్‌వైజర్ పర్మిట్‌కు పెట్టుకుంటే అది అడిగారు, అప్పటికి మా షాపు మూతపడింది. ఓనర్ ఇల్లు వెతుక్కుంటూ మూడు వారాలు తిరిగాను.