సాఫ్ట్‌నర్ బిగించేముందు

చి. సుజాతకు మామయ్య ఆశీస్సులు.

సొంతిల్లు కడుతున్నావని విని కాలర్ ఎగరేశాను. వాటర్ సాఫ్ట్‌నర్ కూడా పెట్టిస్తున్నావని మీ అమ్మ చెప్పాక టెన్షన్ మొదలైంది. మిషన్ మంచిదే. బిగించి దాని ఊసే మర్చిపోయేవాళ్లంటేనే నాకు భయం.

హార్డ్ వాటర్‌లో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఒంటికి చెరుపు చెయ్యవు. కానీ నీళ్లు కాగితే గీజరు కాయిల్‌కి గార కడుతుంది, సబ్బు నురగ రాక తెట్టు కడుతుంది. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ గింజలు ఆ కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టుకుని, తమ దగ్గరున్న సోడియాన్ని నీళ్లలోకి వదులుతాయి. సోడియం అయిపోయాక మిషనే చిక్కటి ఉప్పునీళ్లతో వాటిని కడిగి మళ్లీ సిద్ధం చేస్తుంది. అంటే నీళ్లలో కరిగిన లవణాలు మారతాయంతే, తగ్గవు. కాబట్టి ఆ లవణాల మొత్తాన్ని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి ‘అంకె తగ్గలేదు, మోసం’ అని గొడవకి దిగకు. హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ కొనుక్కో. లీటరుకి 180 మిల్లీగ్రాములు దాటితే బాగా హార్డ్ అన్నట్టే.

మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ సంగతి చెప్తా. అక్కడ మిషన్ చూసుకునే అబ్బాయి రోజూ ఉప్పు ట్యాంకు మూత తీసేవాడు, ‘నిండుగా ఉంది సార్’ అనేవాడు. నెలలు గడిచినా నిండుగానే ఉంది! మిషన్ వాడుకునే ఉప్పు తరగకపోవడమేంటని ఒక్కరూ అడగలేదు. ఈలోగా మీ అత్త నురగ రావట్లేదని షాంపూలు మార్చింది, పైవాళ్ల గీజరు పోయింది, తిట్లన్నీ మిషన్‌కి పడ్డాయి. చివరికొచ్చిన మెకానిక్ చీపురుకర్ర తీసుకుని ఉప్పులోకి పొడిచాడు. పైన గట్టిపడిన పెచ్చు పెళ్లున విరిగి, కర్ర సగం దాకా దిగిపోయింది. కిందంతా ఖాళీ. నీళ్లు ఉప్పుని తాకితేగా రెసిన్‌కి సోడియం అందేది! నువ్వు నెలకోసారి కర్రతో నెమ్మదిగా అడుగుదాకా గుచ్చి చూడు. మూత తీసి చూస్తే చాలదు. ట్యాంకుని అంచుదాకా నింపొద్దు, పొడి ఉప్పు వెయ్యొద్దు, బిళ్లల ఉప్పే వెయ్యి.

ఇక అసలు విషయం. టైల్స్ రంగు కోసం నాలుగు ఫోన్లు చేశావు, మీ అమ్మ బీపీ గుర్తుకు రాలేదటే? లీటరుకి 300 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్ తీసేస్తే దాదాపు 138 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది, బీపీకి పడనిది అదే. ఆర్వో ఉందిగా అంటావు. అది సోడియాన్ని చాలావరకు తీసేస్తుంది, నిజమే. అది పాడైన రోజు మీ అమ్మ మెకానిక్ కోసం ఆగుతుందా? పంపు తిప్పి గ్లాసు పట్టేస్తుంది. మా అక్క సంగతి నాకు తెలీదూ. చిన్నప్పుడు జ్వరమొచ్చినా మందు నాకు పట్టించి తను మర్చిపోయే మనిషి.

అందుకని వంటింటి తాగునీటి పంపుకి, మొక్కలకి సాఫ్ట్‌నర్‌తో సంబంధం లేని లైను వేయించు. గోడలు పూత పూసేలోపే ప్లంబర్‌తో మాట్లాడు, తర్వాత పగలగొట్టాల్సొస్తుంది. నీళ్లు ఎర్రటి మరకలు వదులుతుంటే ఇనుము ఉన్నట్టు, సాఫ్ట్‌నర్‌కి ముందు వేరే ఫిల్టర్ కావాలి, లేకపోతే రెసిన్ పాడవుతుంది. కిట్ అంకె రాగానే, ఇంట్లో ఎంతమందో కూడా రాసి పంపు. ఎంత సైజు మిషన్ కావాలో లెక్కేసి చెప్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మామయ్య